ఐదు ప్రపంచ టైటిళ్లకు రాని పేరు ఒక్క కంచు పతకంతో ఎలా వచ్చింది?

బాక్సర్ మేరీ కోమ్ 2002కీ 2010కీ మధ్య ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ రోజుల్లో మణిపూర్ దాటి వస్తే ఆమెను చూసి గుర్తుపట్టేవాళ్లు బహు తక్కువ. 2012 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్‌లో మూడు బౌట్లు ఆడింది. రెండు గెలిచి, మూడోది ఓడి, కంచు పతకంతో తిరిగొచ్చింది. అక్కడి నుంచి ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. బంగారాలకు రాని పేరు కంచుకు వచ్చింది, అదీ ఓడిపోయిన బౌట్ తర్వాత.

"ఒలింపిక్స్ అంటే ఒలింపిక్సే కదా" అని దీనికి అందరూ చెప్పే జవాబు. అది సగం నిజం. ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్లందరూ మనకు గుర్తున్నారా? ప్రపంచ స్థాయిలో గెలిచి మరుగున పడినవాళ్లూ, ఏ పతకమూ లేకుండానే పేటంతా పేరు మోగించినవాళ్లూ బాక్సింగ్‌లో చాలామంది ఉన్నారు. అమెచ్యూర్ బాక్సర్‌కి, అంటే డబ్బు పందేలకు కాకుండా పతకాలకు ఆడేవాళ్లకి, పేరు గెలిచిన బౌట్లను బట్టి రాదు. ఆ ఆటను జనం ఎక్కడ చూస్తున్నారు, ఏడాదిలో ఎన్నిసార్లు చూస్తున్నారు, దాని గురించి ఎవరు మాట్లాడుతున్నారు అన్నవాటిని బట్టి వస్తుంది. ఈ సంగతి విప్పి చూడడానికి చెన్నై మంచి చోటు. బాక్సర్ల పేరు పుట్టడమూ పోవడమూ రెండూ ఈ ఊరికి తెలుసు.

పేటలో పుట్టిన పేరు

రాయపురం, చాకలిపేట, వ్యాసర్‌పాడి, పెరంబూరు. ఉత్తర చెన్నైలో తెలుగు ఇళ్లు దండిగా ఉన్న పేటలివి. హార్బరు పనికీ, రైల్వే పనికీ, బిన్నీ మిల్లు పనికీ వచ్చి తరాల కిందటే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు సిపాయిలు, ఓడల వాళ్లు తెచ్చిన బాక్సింగ్ ఈ పేటల్లోనే పాతుకుంది. సార్‌పట్టా పరంపర, ఇడియప్ప పరంపర లాంటి వర్గాలు ఉండేవి. కుర్రాడు ఏ వాద్యార్ (గురువు) దగ్గర చేరితే ఆ పరంపర మనిషి. నెహ్రూ స్టేడియం పక్కన కన్నప్పర్ తిడల్ (మైదానం)లో టికెట్టు కొనుక్కుని జనం చూసేవాళ్లు. గోడల మీద సినిమా పోస్టర్ల పక్కనే బౌట్ల పోస్టర్లు ఉండేవి. ఇంగ్లీషు బాక్సర్ నాట్ టెర్రీని కిత్తేరి ముత్తు ఓడించాడన్న కథను పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అవి అమెచ్యూర్ బౌట్లు కావు, డబ్బు పందేలు. ఆ బాక్సర్లకు ఒలింపిక్ పతకాలు లేవు, ర్యాంకులు లేవు. అయినా వాళ్లు వీధిలో నడిచి వెళ్తుంటే పిల్లలు వెంటపడేవాళ్లు. బౌట్ చూసినవాడూ బాక్సరూ ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు కాబట్టి అలా జరిగింది. గెలుపు వార్త పేపర్లో రానక్కర్లేదు, మరునాడు టీకొట్టుకి చేరిపోయేది. 1980లో మొహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడినప్పుడు, ఎంజీఆర్ కూడా వచ్చిన ఆ వేడుకకు జనం పోటెత్తారంటే, బాక్సింగ్ అంటే ఏమిటో ఈ ఊరికి కొత్తగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రింగ్‌లో మనిషి ఎలా కదులుతున్నాడో చూసి మెచ్చుకోగలిగినవాళ్లు గ్యాలరీ నిండా ఉన్నారు.

తర్వాత పందెం బౌట్లు సన్నగిల్లాయి. బాక్సింగ్ అంటే సర్టిఫికెట్టు, స్పోర్ట్స్ కోటా, సర్కారు ఉద్యోగం అయింది. కుర్రాళ్లకు ఇది మేలే. దెబ్బలు తిని ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లడం కన్నా రైల్వేలో ఉద్యోగం రావడం ఎంతో నయం. కాకపోతే జనం చూడడం మానేశారు. తమిళనాడు బాక్సర్ వి. దేవరాజన్ సంగతే చూడండి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్యాంటమ్ వెయిట్‌లో ఆడాడు. 1994లో బ్యాంకాక్ ప్రపంచ కప్‌లో కంచు పతకం తెచ్చాడు. అర్జున అవార్డు వచ్చింది. భారత బాక్సింగ్‌కి ప్రపంచ స్థాయిలో పతకం అంటే కలలో మాటగా ఉన్న రోజులవి. ఇవాళ పెరంబూరులో పదిమందిని ఆపి ఒక బాక్సర్ పేరు చెప్పమంటే అలీ అంటారు, టైసన్ అంటారు, మేరీ కోమ్ అంటారు. దేవరాజన్ పేరు చెప్పేది పాత బాక్సింగ్ పిచ్చోళ్లే. అలీ కాలానికీ దేవరాజన్ కాలానికీ మధ్య ఈ ఊళ్లో బాక్సర్లు తగ్గలేదు, చూసే కళ్లు తగ్గాయి.

అమెచ్యూర్ ఆటను చూడడం ఎందుకు కష్టం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బౌట్ అంటే నెలల ముందే మొదలయ్యే వ్యవహారం. ఎవరితో ఎవరు, ఏ రోజు, ఏ బెల్టు కోసం అన్నది ముందే తెలుస్తుంది. ప్రమోటర్ దండోరా వేయిస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు, ఆ తిట్లకి కూడా టికెట్లు అమ్ముడుపోతాయి. పన్నెండు రౌండ్లు సాగితే కథ మలుపులు తిరగడానికి టైం ఉంటుంది.

అమెచ్యూర్‌లో ఇవేవీ లేవు. ప్రత్యర్థిని డ్రా నిర్ణయిస్తుంది, బాక్సర్ ఎంచుకోలేడు. పొద్దున్నే తూకం, మధ్యాహ్నమో సాయంత్రమో బౌట్, గెలిస్తే ఒకట్రెండు రోజుల్లో ఇంకో బౌట్. మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు. కళ్లార్పేలోపు ఎర్ర జెర్సీ చెయ్యి పైకెత్తారో నీలం జెర్సీ చెయ్యి పైకెత్తారో కూడా తెలియదు. పైగా ఆడేది ఎక్కడో రష్యాలోని పోడోల్స్క్‌లో, చైనాలోని నింగ్బోలో. మన టీవీలో రాదు. మరునాడు పేపర్లో చివరి పేజీ అడుగున నాలుగు లైన్లు వస్తే గొప్ప.

క్యూబాలో మాత్రం ఇది తలకిందులైంది. 1960ల మొదట్లో అక్కడ ప్రొఫెషనల్ క్రీడలను నిషేధించారు. ఇక చూడడానికి మిగిలింది అమెచ్యూర్ బాక్సింగే. హెవీవెయిట్ టియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరసగా మూడు బంగారాలు తెచ్చాడు. అమెరికా ప్రమోటర్లు లక్షల డాలర్లు చూపించి, అలీతో ఆడిస్తామన్నా వెళ్లలేదు. చనిపోయేదాకా, అంటే 2012 దాకా, హవానాలో అతను దేవుడిలాంటి మనిషి. అమెచ్యూర్ ఆటలో పేరు రాదు అనేవాళ్లకు అతనే జవాబు. జనం కళ్లముందు ఉంచితే వస్తుంది. మన దేశంలో ఉంచలేదు, అంతే.

మణిపూర్‌లో కొంత ఉంచారు. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఆ రాష్ట్రం కుర్రాడు డింగ్కో సింగ్ 54 కిలోల విభాగంలో బంగారం గెలిచాడు. మొదట జట్టులోంచి తీసేసి, తర్వాత మళ్లీ పంపించిన బాక్సర్ అతను. దేశం ఆ వార్త చదివి పేజీ తిప్పేసింది. మణిపూర్ మాత్రం గుండెలకు హత్తుకుంది, ఊరూరా పిల్లలు గ్లోవ్స్ తొడిగారు. చురాచంద్‌పూర్ జిల్లా కాంగథై గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టి, ఇంఫాల్‌లో అథ్లెటిక్స్ వైపు మొగ్గిన మేరీ కోమ్ బాక్సింగ్‌కి మారడానికి ఆ గెలుపే ప్రేరణ. డింగ్కో 42 ఏళ్లకే, 2021లో క్యాన్సర్‌తో పోయాడు. అప్పుడు మన టీవీలు అతన్ని పరిచయం చేసిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మేరీ కోమ్‌కి స్ఫూర్తినిచ్చిన బాక్సర్" అన్నారు. ఏషియన్ గేమ్స్ బంగారం రెండో వాక్యానికి జరిగింది.

చెన్నైలో మొదలైన లెక్క

మహిళలకు మొట్టమొదటి జాతీయ బాక్సింగ్ పోటీలు జరిగింది చెన్నైలోనే, 2001 ఫిబ్రవరిలో. అందులో మేరీ కోమ్ బంగారం గెలిచింది. చివరికి ఆరు ప్రపంచ టైటిళ్లకు చేరిన కెరీర్‌కి జాతీయ స్థాయిలో మొదటి మెట్టు ఈ ఊళ్లో పడింది. ఒకప్పుడు బౌట్ ఉందంటే ఎగబడిన ఊరు ఆ వారం దాని గురించి మాట్లాడుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు. అలీ వచ్చిన రోజు తాను ఎక్కడ కూర్చున్నాడో చెప్పే పెద్దాయన ఎవరో ఒకరు మా వైపు పేటల్లో తగులుతూనే ఉంటారు. 2001 పోటీలు చూశానని చెప్పేవాళ్లు తగల్లేదు.

అదే ఏడాది చివర్లో అమెరికాలోని స్క్రాంటన్‌లో మొదటి మహిళల ప్రపంచ పోటీలు. 48 కిలోల ఫైనల్లో టర్కీ బాక్సర్ చేతిలో ఓడి మేరీ వెండి తెచ్చింది. 2002లో టర్కీ వెళ్లి అంతాల్యాలో బంగారం. 2005లో పోడోల్స్క్, 2006లో న్యూఢిల్లీ, 2008లో నింగ్బో, 2010లో బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్. వీటిలో చివరి మూడు ఫైనల్స్‌లోనూ ఎదురుగా నిలబడింది రొమేనియాకు చెందిన స్టెలూట్సా డూట్సా. మూడుసార్లూ ఓడింది. మేరీ కోమ్ లేకపోతే ఆమె మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. పాపం, రొమేనియాలో కూడా ఆమె కోసం ఎవరూ వ్యాసాలు రాస్తున్నట్టు లేదు.

2006 ఢిల్లీ పోటీల్లో జరిగింది నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపిస్తుంది. సొంత గడ్డ మీద భారత్‌కు నాలుగు బంగారాలు వచ్చాయి. మేరీ కోమ్ 46 కిలోల్లో, సరితా దేవి 52లో, జెన్నీ ఆర్.ఎల్. 63లో, కె.సి. లేఖ 75లో. నలుగురూ ఒకే వారంలో, ఒకే హాల్లో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. ఇవాళ ఈ నాలుగు పేర్లూ చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? కేరళ అమ్మాయి లేఖకు ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది 2021లో, అంటే ఆ గెలుపుకి దాదాపు పదిహేనేళ్ల తర్వాత. చెన్నై సెంట్రల్ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్న రాష్ట్రం నుంచి వచ్చిన ప్రపంచ ఛాంపియన్ గురించి మనం ఒక్క ముక్క కూడా వినలేదు.

నలుగురిలో ఒక్కరి పేరే ఎందుకు మిగిలింది? మేరీ గెలుస్తూనే పోయింది, అది మొదటి కారణం. 2007లో కవల పిల్లలు పుట్టాక ఆట మానేస్తుందని అందరూ అనుకుంటే 2008లో వచ్చి మళ్లీ ఛాంపియన్ అయింది. కానీ గెలుస్తూ పోవడం ఒక్కటే చాలలేదని ఖేల్‌రత్న చరిత్ర చెబుతుంది. 2009లో ఆ అవార్డు ముగ్గురికి కలిపి ఇచ్చారు. బాక్సర్ విజేందర్ సింగ్, కుస్తీ వీరుడు సుశీల్ కుమార్, మేరీ కోమ్. మొదటి ఇద్దరికీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చెరో కంచు. మేరీకి అప్పటికి నాలుగు ప్రపంచ టైటిళ్లు. ఆ ఇద్దరికీ అవార్డుకి ముందే అడ్వర్టైజ్‌మెంట్లు, స్వాగతాలు, ఊరేగింపులు. మేరీకి అవార్డు వచ్చాక కూడా "ఈవిడ ఎవరు?" అన్నవాళ్లున్నారు.

అందులో జనం తప్పు పెద్దగా లేదు. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగే లేదు మరి.

ఐదు కిలోల దూరం

2009 ఆగస్టులో ఒలింపిక్ కమిటీ మహిళల బాక్సింగ్‌కి ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ మూడే విభాగాలు ఇచ్చింది: 51, 60, 75 కిలోలు. ఒక్కో విభాగంలో పన్నెండు మంది. మొత్తం ప్రపంచానికి ముప్పై ఆరు చోట్లు.

ఇక్కడ బాక్సింగ్ తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 46 కిలోల్లో ఆడే మనిషికి 51 కిలోలంటే అన్నం ఎక్కువ తిని ఎక్కేసే మెట్టు కాదు. 51లో ఆడేవాళ్లు మామూలుగా అంతకన్నా రెండు మూడు కిలోలు ఎక్కువ ఉండి, పోటీ ముందు నీళ్లు తగ్గించుకుని, చెమట కార్చి ఆ తూకానికి దిగుతారు. కింది నుంచి ఎక్కేవాళ్లు బలవంతాన బరువు పెంచుకుని వెళ్తారు. ఎదుటివాళ్లు పొడుగు, చేతులు పొడుగు, ఎముక గట్టి. మేరీ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. కుడి చెయ్యి ముందు పెట్టి ఆడే సౌత్‌పా. వేగంగా లోపలికి దూరి రెండు మూడు గుద్దులు వేసి బయటపడడం ఆమె పద్ధతి. తన సైజు వాళ్ల మీద ఆ పద్ధతి పదేళ్లు పనిచేసింది. పొడుగు చేతుల వాళ్ల మీద లోపలికి దూరడమే కష్టం, దూరే ప్రతిసారీ ఒక దెబ్బ బాకీ.

లండన్‌కి అర్హత కూడా తిన్నగా రాలేదు. 2012 మేలో చైనాలోని చిన్‌హ్వాంగ్‌దావోలో ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో ఓడింది. తనను ఓడించిన ఆడమ్స్ సెమీస్ గెలిస్తేనే మేరీకి ఒలింపిక్ బెర్తు. ఆడమ్స్ గెలిచింది, మేరీ బతికిపోయింది. ఒకవేళ ఆ సెమీస్‌లో ఆడమ్స్ తడబడి ఉంటే, ఐదు ప్రపంచ టైటిళ్లతో ఇంట్లో కూర్చుని మేరీ టీవీ చూసేది. ఈ వ్యాసమూ ఉండేది కాదు.

లండన్‌లో మొదట పోలండ్ బాక్సర్ మీద 19–14తో గెలుపు. తర్వాత ట్యునీషియా అమ్మాయి మీద 15–6. సెమీస్‌లో మళ్లీ ఆడమ్స్, 6–11తో ఓటమి. బాక్సింగ్‌లో మూడో స్థానానికి విడిగా బౌట్ ఉండదు, సెమీస్ ఓడిన ఇద్దరికీ కంచు ఇస్తారు. అలా వచ్చింది ఆ పతకం. ఆడమ్స్ మహిళల బాక్సింగ్‌లో మొట్టమొదటి ఒలింపిక్ బంగారం గెలిచింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ కంచు అంత పెద్దది ఎందుకైంది? ఆ ఏడాది భారత్ నుంచి లండన్ వెళ్లిన బాక్సర్లు ఎనిమిది మంది, ఏడుగురు మగవాళ్లు, ఒక్క మేరీ. విజేందర్‌తో సహా ఏడుగురూ ఖాళీ చేతులతో వచ్చారు. బాక్సింగ్ కోసం టీవీ పెట్టుకున్న దేశానికి చివరికి మిగిలింది ఒక్క మనిషి. మొదటి బౌట్ రోజే కవల పిల్లల ఐదో పుట్టినరోజు, ఇక టీవీ వాళ్లు ఊరుకుంటారా? పదేళ్ల ఐదు టైటిళ్లూ అప్పుడు బయటికొచ్చాయి. "ఇన్నాళ్లూ ఈమె మనకెందుకు తెలియలేదు" అన్న తప్పు చేసిన భావన కూడా ఆ చప్పట్లలో కలిసింది. నా ఉద్దేశంలో ఆ కంచుకి దక్కిన చప్పట్లలో సగం పాత బాకీ తీర్చుకోవడమే. అందుకే అదే లండన్‌లో పతకాలు తెచ్చిన మిగతా కొందరికి రాని ఆదరణ ఆమెకు వచ్చింది. వాళ్ల వెనక పదేళ్ల బాకీ లేదు.

పేరు ముందు, ఆట వెనక

అప్పటి నుంచి పేరు తన దారి తాను చూసుకుంది. 2013లో పద్మభూషణ్. 2014లో ఆమె జీవితం మీద హిందీ సినిమా వచ్చింది, ప్రియాంకా చోప్రా చేసింది. చెన్నైలో హిందీ రాని మన ఇళ్లలో కూడా మేరీ కోమ్ అంటే ప్రియాంక ముఖం గుర్తొచ్చేవాళ్లు ఉన్నారు. అసలు మనిషి బౌట్ ఒక్కటి కూడా చూడకుండా ఆమె అభిమానులైనవాళ్లు వేలల్లో ఉంటారు. ఇది వెక్కిరింపుగా అనడం లేదు, అమెచ్యూర్ బాక్సర్‌కి ఉన్న దారి అదే. బౌట్లు జనానికి చేరవు, కథ చేరుతుంది.

ఇదే సమయంలో దేశంలో బాక్సింగ్ వ్యవస్థ గందరగోళంలో పడింది. 2012 డిసెంబరులో భారత సమాఖ్యను అంతర్జాతీయ సంఘం సస్పెండ్ చేసింది. కొత్త సమాఖ్య కుదురుకునేసరికి 2016 వచ్చింది. బాక్సర్లు ఎవరి జెండా కింద ఆడాలో తెలియని టోర్నీలున్నాయి. ఆమె పేరు ఎంత పెరిగినా ఆట నడిపే ఆఫీసులను అది బాగుచేయలేకపోయింది.

2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో మేరీ బంగారం గెలిచింది. 2016 ఏప్రిల్‌లో రాజ్యసభకు నామినేట్ అయింది. మరుసటి నెల అస్తానాలో ప్రపంచ పోటీల రెండో రౌండ్లోనే ఓడి రియో ఒలింపిక్స్ అవకాశం పోగొట్టుకుంది. పార్లమెంటులో సీటు దొరికిన నెల తర్వాత రింగ్‌లో చోటు పోయింది. అప్పుడు చాలామంది ఆమె ఆట ముగిసిందనే అన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, 33 ఏళ్లు, తనది కాని బరువు.

ఆమె 48కి దిగింది. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో బంగారం. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో ఉక్రెయిన్ బాక్సర్ హన్నా ఒఖోటాను 5–0తో ఓడించి ఆరో ప్రపంచ టైటిల్. ఐర్లండ్ బాక్సర్ కేటీ టేలర్ ఐదు టైటిళ్లను దాటి, క్యూబా దిగ్గజం ఫెలిక్స్ సవోన్ ఆరింటితో సమానమైంది. వయసు 35 దాటింది. ఆట పరంగా నాకు లండన్ కంచు కన్నా ఇదే గొప్పగా కనిపిస్తుంది. తన అసలు బరువులో, తనకన్నా చాలా చిన్నవాళ్ల మీద గెలిచింది. ఈసారి మాత్రం దేశమంతా చూసింది. పేరు ముందే సిద్ధంగా ఉంది కదా.

నిఖత్ ఉత్తరం

ఈ కథలో తెలుగువాళ్లు ఎక్కువగా వాదించుకున్న ఘట్టం ఇది. 2019లో మేరీ మళ్లీ ఆడుతున్న 51 కిలోల విభాగానికి నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పోటీలో ఉంది. ప్రపంచ పోటీలకు ఇద్దరి మధ్య జరగాల్సిన ట్రయల్‌ని, అంటే ఎవరిని పంపాలో తేల్చే బౌట్‌ని, రద్దు చేసి మేరీని పంపారు. రష్యాలో ఉలాన్‌ఉదే పోటీల్లో మేరీ కంచు తెచ్చింది. అది ప్రపంచ పోటీల్లో ఆమెకు ఎనిమిదో పతకం, అంతకు ముందు ఎవరికీ అన్ని లేవు. దాన్ని చూపించి ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి కూడా ట్రయల్ లేకుండా పంపుతామన్న మాట సమాఖ్య నుంచి వచ్చింది. నిఖత్ క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి బహిరంగ లేఖ రాసింది. నాకు సాయం వద్దు, సరైన పోటీ ఇవ్వండి అన్నది దాని సారం.

చెన్నైలో మా తెలుగు బంధువర్గంలోనే దీని మీద రెండు పార్టీలు. "మన పిల్లకి అన్యాయం జరిగింది" అని ఒక వర్గం, "ఆరుసార్లు ఛాంపియన్‌ని ట్రయల్ ఆడమంటారా" అని ఇంకో వర్గం. భాష అభిమానం పక్కనపెట్టి చూసినా నిఖత్ అడిగింది న్యాయమే. ఒక్కో బరువులో దేశానికి ఒక్కటే చోటు. ఆ చోటు రింగ్‌లో తేలకుండా పేరు మీద తేలితే మిగతావాళ్లు గ్లోవ్స్ విప్పి ఇంటికి పోవడమే. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు. మేరీ 9–1 తేడాతో గెలిచింది. బౌట్ తర్వాత నిఖత్‌తో చెయ్యి కలపలేదు. ఆ దృశ్యం టీవీల్లో ఎన్నిసార్లు తిరిగిందో, బౌట్‌లో ఎవరు ఏ గుద్దు వేశారన్నది అన్నిసార్లు తిరగలేదు. మేరీ గెలిచి తన చోటు సంపాదించుకుంది, నిఖత్ ఓడి తన మాట నెగ్గించుకుంది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ కావడంతో ఆ ఉత్తరం రాసిన అమ్మాయి ఎవరో అందరికీ తెలిసింది.

టోక్యోలో లెక్క ఎలా తప్పింది

2021 జూలైలో టోక్యో ప్రారంభోత్సవంలో హాకీ కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్‌తో కలిసి జెండా పట్టుకుంది. మొదటి బౌట్ గెలిచింది. రెండోది కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాతో. మూడు రౌండ్లలో రెండు మేరీవే. అయినా 3–2తో ఓడినట్టు ప్రకటించారు. తాను గెలిచాననే అనుకుని బయటికొచ్చింది. రెండు రౌండ్లు గెలిచి ఎలా ఓడుతుంది అని ఇప్పటికీ అడుగుతారు.

లండన్‌లో తగిలిన గుద్దులకు జడ్జీలు మీట నొక్కి పాయింట్లు ఇచ్చేవాళ్లు, అందుకే స్కోర్లు 19–14 అని ఉండేవి. 2013లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఐదుగురు జడ్జీలు ఒక్కో రౌండ్ ఎవరిదో విడివిడిగా తేల్చి, గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9 వేస్తారు. చివర్లో ప్రతి జడ్జీ తన కాగితం మీద మొత్తం కూడతాడు. ముగ్గురి కాగితాల మీద ఎవరు ముందుంటే వాళ్లే విజేత. మొదటి రౌండ్‌ని నలుగురు వాలెన్సియాకి ఇచ్చారు. రెండు, మూడు రౌండ్లను ముగ్గురేసి మేరీకి ఇచ్చారు. ఐదుగురు జడ్జీలు, మూడు రౌండ్లు, మొత్తం పదిహేను తీర్పులు. వాలెన్సియాకి ఎనిమిది, మేరీకి ఏడు. జడ్జీల కాగితాలు విడివిడిగా చూసినా ముగ్గురివి వాలెన్సియా వైపే. రౌండ్లు ఎవరు ఎక్కువ గెలిచారన్న లెక్క ఈ పద్ధతిలో అసలు లేదు. మొదటి రౌండ్లో నెమ్మదిగా మొదలుపెట్టడం ఆమెకు పాత అలవాటు, ఆ రోజు దానికే ధర కట్టింది.

సోషల్ మీడియా నిండా "మోసం" అన్నారు. నా మట్టుకు మోసం కనిపించలేదు. దగ్గరి బౌట్, దగ్గరి తీర్పు. కానీ బౌట్లు చూసే అలవాటు లేని దేశానికి లెక్క విప్పి చెప్పడం కష్టం, కోపం తెప్పించడం తేలిక.

రిటైరైందా, లేదా?

2022 జూన్‌లో కామన్వెల్త్ ట్రయల్స్‌లో మోకాలు తిరిగి మేరీ రింగ్ నుంచి కుంటుకుంటూ దిగింది. తర్వాత పోటీ ఆడలేదు. ఆ నవంబరుకి 40 నిండాయి. అంతర్జాతీయ అమెచ్యూర్ పోటీల్లో 40 దాటితే ఆడనివ్వరు. 2024 జనవరిలో ఆమె రిటైరైందని వార్త వస్తే, నేను ప్రకటించలేదు, నా మాటను తప్పుగా అర్థం చేసుకున్నారు అంది. ఆమె చెప్పింది నిజం, వార్తా దాదాపు నిజం. ఆడాలని ఉన్నా రూల్ ఒప్పుకోదు. ప్రొఫెషనల్ బాక్సర్లు అయితే నలభై ఐదుకి కూడా ఓ బౌట్ పెట్టించుకుని వీడ్కోలు చెప్పొచ్చు, దానికీ టికెట్లు అమ్మొచ్చు. అమెచ్యూర్‌కి వీడ్కోలు బౌట్ అనే ఏర్పాటే లేదు.

ఇక ఆమె తర్వాత? 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. మేరీ ఆరో టైటిల్ గెలిచిన 48 కిలోల విభాగంలోనే హర్యానా అమ్మాయి మీనాక్షి హూడా కజకిస్తాన్ బాక్సర్‌ని 4–1తో ఓడించి బంగారం తెచ్చింది. 57లో జాస్మిన్ లంబోరియాది ఇంకో బంగారం. మర్నాడు వీళ్ల పేర్లు మా ఆఫీసులో అడిగితే ఎవరికీ తెలియలేదు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జాస్మిన్ 57 కిలోలు ఉంది, మీనాక్షి 48 కిలోలు లేదు. అక్కడికి వెళ్లాలంటే మీనాక్షి 51కి ఎక్కాలి. 51లో ఇప్పుడు నిఖత్ జరీన్ ఆడుతోంది. ఆ చోటుకి ట్రయల్ పెడతారా, పేరు చూసి పంపుతారా అన్నది ఈసారి నిఖత్ వైపు నుంచి కూడా చూడాల్సి వస్తుంది.